పాత మర లెన్సును కొత్త కెమెరాకు బిగించుకోవడం ఎలా?

ఒకప్పుడు ఫోటో స్టూడియో నడిపిన ఇళ్లలో అటక మీది పెట్టె దింపితే, రీలు కెమెరాతోపాటు ఒకటో రెండో బరువైన లోహపు లెన్సులు బయటపడుతుంటాయి. వాటి వెనక భాగంలో నేటి లెన్సులకు ఉన్నట్టు రెక్కల పట్టు ఉండదు. సీసా మూతకు ఉన్నట్టు మర ఉంటుంది. ఆ మరకూ మీ కెమెరా నోటికీ మధ్య కూర్చునే లోహపు కడియమే అడాప్టర్. మర కుదిరితే చాలుననుకొని ఏదో ఒకటి కొనేసి, ఆ తర్వాత దూరపు బొమ్మలన్నీ మసకగా వస్తున్నాయని లెన్సును తిట్టుకునేవారిని శ్రీకాకుళంలో నేను కొందరిని చూశాను. మొదట్లో నేనూ అదే పని చేశాను. మర కుదర్చడం అడాప్టర్ పనిలో సగమే. లెన్సును సెన్సార్ నుంచి ఎంత దూరంలో ఉండాలో సరిగ్గా అంత దూరంలో నిలబెట్టడం మిగిలిన సగం, డబ్బు వృథా అయ్యేది కూడా అక్కడే.

ముందుగా మర ఏదో తేల్చుకోండి

మీ చేతిలో ఉన్నది చాలావరకు ఎం42 అయి ఉంటుంది. అంటే మర వెలుపలి వ్యాసం 42 మి.మీ., ఒక చుట్టుకూ మరో చుట్టుకూ మధ్య దూరం 1 మి.మీ. 1949లో డ్రెస్డెన్‌లో తయారైన కాంటాక్స్ ఎస్, ప్రాక్టికా కెమెరాలతో ఈ మర వాడుకలోకి వచ్చింది. 1957 నుంచి 1975లో తన కె మౌంట్ (మౌంట్ అంటే లెన్సు తగిలే పట్టు) తెచ్చేవరకు జపాన్‌కు చెందిన పెంటాక్స్ దీనినే వాడింది; సోవియట్ జెనిత్ కెమెరాలు కూడా ఎక్కువ కాలం ఈ మరతోనే వచ్చాయి. కాబట్టి లెన్సు మీద టకుమార్, పెంటకాన్, హీలియోస్ 44-2 వంటి పేర్లు కనిపిస్తే ఎం42 అనుకోవడానికి మంచి ఆధారం దొరికినట్టే. అయితే పేరును మాత్రమే నమ్ముకోకండి, స్కేలు పెట్టి కొలవండి. వ్యాసం 39 మి.మీ. వస్తే అది వేరే జాతి, అందులోనూ రెండు రకాలున్నాయి: తొలినాటి జెనిత్ రిఫ్లెక్స్ (లోపల అద్దం ఉన్న) కెమెరాలకు చేసినవి ఒకటి, లైకా తరహా రేంజ్‌ఫైండర్ (అద్దం లేకుండా, విడి కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే) కెమెరాలకు చేసినవి మరొకటి. మొదటి రకానికి ఒక సన్నని రింగు తొడిగితే దాదాపు ఎం42 లాగానే పనిచేస్తుంది. రెండో రకం ఫిల్మ్‌కు కేవలం 28.8 మి.మీ. దూరంలో కూర్చోవాల్సినది కనుక దానికి ప్రత్యేకమైన, సన్నని అడాప్టర్ కావాలి.

ఇంకొక చిక్కు టీ2 మరతో వస్తుంది. దీని వ్యాసం కూడా 42 మి.మీ.యే, కానీ చుట్ల మధ్య దూరం 0.75 మి.మీ. పొడవాటి టెలీ లెన్సులకు, టెలిస్కోపులకు ఇది కనిపిస్తుంది. ఎం42 అడాప్టర్‌లో పెడితే ఒక చుట్టు హాయిగా తిరిగి, ఆ తర్వాత పట్టేస్తుంది. ఇంకొంచెం బలం పెడితే రెండు మరలూ పాడవుతాయి. స్కేలు అంచును మరకు ఆనించి భూతద్దంతో చూస్తే, 3 మి.మీ. మేర ఎం42లో మూడు గట్లు, టీ2లో నాలుగు గట్లు లెక్కకు వస్తాయి. రెండు నిమిషాల పని ఇది, చేయకుండా ఏదీ కొనకండి.

కెమెరా లోతు ఎంత?

లెన్సు ఆనుకునే అంచు నుంచి ఫిల్మ్ లేదా సెన్సార్ వరకు ఉండే దూరాన్ని ఫ్లాంజ్ దూరం అంటారు. ఎం42 లెన్సుకు ఇది 45.46 మి.మీ. అద్దం లేని (మిర్రర్‌లెస్) కెమెరాలలో ఈ దూరం చాలా తక్కువ: సోనీ ఈ మౌంట్‌లో 18, నికాన్ జెడ్‌లో 16, కెనాన్ ఆర్ఎఫ్‌లో 20, ఫుజి ఎక్స్‌లో 17.7 మి.మీ. తేడా ఎంతో అడాప్టర్ మందం అంత ఉండాలి, సోనీకి 27.46, నికాన్ జెడ్‌కు 29.46. మధ్యలో బోలెడంత ఖాళీ ఉంటుంది కనుక ఉత్త లోహపు గొట్టం సరిపోతుంది, గాజు అవసరమే లేదు. మీ దగ్గర ఇటువంటి కెమెరా ఉంటే చిక్కు సగం తీరినట్టే.

లోపల అద్దం ఉండే డీఎస్‌ఎల్‌ఆర్‌ల సంగతి వేరు. కెనాన్ ఈఎఫ్ దూరం 44 మి.మీ. కాబట్టి 1.46 మి.మీ. మందం గల పలుచని రింగుతో పని జరిగిపోతుంది. అయితే పూర్తి ఫ్రేమ్ (సెన్సార్ పాత రీలు గడి అంత ఉన్న) కెనాన్‌లో కొన్ని లెన్సుల వెనక గాజు లోపలికి పొడుచుకువచ్చి, ఇన్ఫినిటీ (అతి దూరపు ఫోకస్) దగ్గర అద్దానికి తగిలే ప్రమాదం ఉంది. పెంటాక్స్ కె మౌంట్ దూరం సరిగ్గా 45.46 మి.మీ.యే; పాత ఖాతాదారుల లెన్సులు మూలపడకూడదని ఆ కంపెనీ అలాగే ఉంచింది, అడాప్టర్ మౌంట్ లోపలే ఒదిగిపోతుంది. నికాన్ ఎఫ్ మౌంట్‌లో మాత్రం దూరం 46.5 మి.మీ. అంటే అడాప్టర్ ఎంత పలుచగా చేసినా లెన్సు ఉండవలసిన చోటుకంటే కనీసం 1.04 మి.మీ. ముందుకు జరిగిపోతుంది.

ఒక మిల్లీమీటరుకు ఏమవుతుందిలే అనిపిస్తుంది. నేను కొన్న మొదటి అడాప్టర్ నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌దే. దానితో నాగావళి వంతెన మీద నిలబడి అవతలి ఒడ్డు తీయబోతే, నా ముందున్న రెయిలింగు మీది తుప్పు పెచ్చులు ఒక్కొక్కటిగా లెక్కపెట్టేంత స్పష్టంగా వచ్చాయి, ఒడ్డు మాత్రం తెల్లవారుజామున మంచులో ఉన్నట్టుగా ఉండిపోయింది. అమ్మినాయన లెన్సులో లోపమన్నాడు, నేను కొన్ని వారాలపాటు నమ్మాను. లెక్క చాలా సులభం: ఫోకల్ లెంగ్త్‌ను (లెన్సు మీద మి.మీ.లలో రాసి ఉండే అంకెను) దానితోనే గుణించి, వచ్చినదాన్ని అదనంగా పెరిగిన దూరంతో భాగిస్తే, ఆ లెన్సు ఫోకస్ చేయగల గరిష్ఠ దూరం దాదాపుగా వస్తుంది. 58 మి.మీ. లెన్సుకు 58ని 58తో గుణిస్తే 3364, దాన్ని 1.04తో భాగిస్తే సుమారు 3235 మి.మీ., అంటే 3 మీటర్ల పైచిలుకు. అంతకు మించి ఏదీ స్పష్టం కాదు. అదే లెక్కన 135 మి.మీ. లెన్సుకు 17 మీటర్ల దాకా వీలుంటుంది కనుక మనుషుల బొమ్మలకు అది పనికివస్తుంది. మధ్యలో గాజు పెట్టిన అడాప్టర్లు ఇన్ఫినిటీని తిరిగి తెస్తాయి గాని, పెద్ద ఎపర్చర్ (వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం) దగ్గర బొమ్మ పదును తగ్గిస్తాయి. లెన్సులోని సొగసు కోసమే ఇంత శ్రమ పడుతున్నప్పుడు దాని వెనక చవక గాజు పెట్టడం నాకు నచ్చదు. నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్ ఒక్కటే ఉంటే, దగ్గరి బొమ్మలకే పరిమితం కావడం మేలు.

అడాప్టర్ ఎంచుకునేటప్పుడు

లెన్సు వెనక వైపు మర పక్కన చిన్న పిన్ను ఉందేమో చూడండి. పాత కెమెరాలు షట్టర్ నొక్కే క్షణంలో ఈ పిన్నును లోపలికి నెట్టి ఎపర్చర్‌ను మూసేవి. కొత్త కెమెరాలో ఆ పని చేసే భాగం లేదు కనుక, పిన్ను నొక్కకపోతే మీరు రింగును ఎఫ్/8 మీద పెట్టినా (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది) ఎపర్చర్ రేకులు పూర్తిగా తెరుచుకునే ఉంటాయి. లెన్సు మీద ‘ఏ’, ‘ఎం’ అని మార్చే మీట ఉంటే ‘ఎం’కు మార్చండి, పిన్నుతో పని లేకుండా రింగు చెప్పినట్టు రేకులు కదులుతాయి. మీట లేని లెన్సుకు లోపలి అంచుతో చేసిన అడాప్టర్ కావాలి. లెన్సు బిగుసుకున్నాక ఆ అంచే పిన్నును శాశ్వతంగా నొక్కి ఉంచుతుంది. హీలియోస్ 44-2 వంటి ప్రీసెట్ (ఎపర్చర్‌ను చేత్తోనే మూసే) లెన్సులకు పిన్నే ఉండదు, ఏ అడాప్టరైనా ఒకటే. కొన్ని ఫుజినాన్ ఎం42 లెన్సుల వెనక అంచున చిన్న బొడిపె ఉంటుంది. అది అడాప్టర్‌కు తగిలి చివరి వరకు బిగియనివ్వదు, బలవంతం చేయకండి.

అడాప్టర్ లోపలి గోడ నల్లగా, మెరుపు లేకుండా ఉండాలి. మెరిసే గోడ వెలుతురును సెన్సార్ మీదికి చిమ్మి, బొమ్మను పాలు కలిపినట్టు తెల్లబారుస్తుంది. ఆ తెల్లదనాన్ని పాత లెన్సుల సహజ లక్షణమని సరిపెట్టుకునేవారు ఉన్నారు గాని, నల్లటి మఖమల్ కాగితం లోపల అంటిస్తే అది చాలా వరకు పోతుంది. ఏపీఎస్-సీ (పూర్తి ఫ్రేమ్ కంటే చిన్నదైన) సెన్సార్ మీద 58 మి.మీ. లెన్సు 87 మి.మీ. లెన్సంత ఇరుకైన దృశ్యాన్ని ఇస్తుంది. అది ఇష్టం లేనివారి కోసం దృశ్యాన్ని వెడల్పు చేసే గాజు అడాప్టర్లు ఉన్నాయి, ధర ఎక్కువ.

లెన్సును పరీక్షించడం

మన జిల్లాల్లో బంగాళాఖాతం గాలి సగం ఏడాది తడిగానే వీస్తుంది, లెన్సుకు అంతకు మించిన శత్రువు లేదు. ఎపర్చర్‌ను పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చిని ఏటవాలుగా వేసి, ముందు నుంచి చూడండి. సాలెగూడు దారాల్లాంటివి కనిపిస్తే ఫంగస్ పట్టినట్టే. అది గాజు మీది పూతను తినేస్తుంది, తుడిచినా మచ్చ మిగలవచ్చు. అంచున రెండు మూడు పోగులైతే బొమ్మ మీద తేడా తెలియదు, మధ్యలో వల అల్లుకుంటే ఆ లెన్సు కొనవద్దు. ధూళి చుక్కలకు భయపడనక్కర లేదు. రేకుల మీద నూనె మెరుస్తుంటే ప్రీసెట్ లెన్సుకు పెద్ద ఇబ్బంది లేదు, పిన్ను ఉన్న లెన్సుకైతే రేకులు అంటుకుపోయి కదలవు. ఫోకస్ రింగు గట్టిగా తిరిగితే లోపలి గ్రీజు ఎండిందని అర్థం. బయటి నుంచి నూనె చుక్క వేయడం మాత్రం ఎన్నడూ చేయకండి, ఆ నూనె చివరికి గాజు మీదికే చేరుతుంది.

ఏడు గాజుల సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 లెన్సు తేనె రంగులో పచ్చబడి ఉండటం చూసి కంగారు పడకండి. అందులోని ఒక గాజులో థోరియం ఉంది, కాలం గడిచేకొద్దీ అది పచ్చబడుతుంది. అతినీలలోహిత కాంతి తగిలితే రంగు తిరిగి తేలికవుతుంది. ఎండలో పెట్టమని చాలామంది చెబుతారు. మన మే నెల ఎండలో అలా వదిలేస్తే గ్రీజు కరిగి రేకుల మీదికి కారుతుంది, పైగా లెన్సు భూతద్దమై కింద ఉన్న బల్లను కాల్చగలదు. చిన్న యూవీ దీపం కింద కొన్ని రోజులు ఉంచడమే క్షేమం.

బిగించే క్రమం

కొత్త అడాప్టర్‌ను కవర్ నుంచి తీసి నేరుగా కెమెరాకు తగిలించకండి. మర కోసినప్పటి సన్నని లోహపు పొడి చుట్ల మధ్య ఉండిపోతుంది. కళింగపట్నం తీరంలో ఒక సాయంత్రం తీసిన బొమ్మలన్నింటిలో ఆకాశం మీద ఒకేచోట నల్ల చుక్కలు కనిపించి, పక్షులనుకొని మురిసిపోయి, ఇంటికొచ్చి పెద్దవి చేసి చూశాక అవి సెన్సార్ మీది రవ్వలని తెలిసింది. మెత్తని టూత్‌బ్రష్‌తో మరను రుద్ది, రబ్బరు బ్లోయర్‌తో ఊది, పొడి గుడ్డతో తుడిచాకే ముందుకు సాగండి.

అడాప్టర్‌ను మొదట లెన్సుకు బిగించాలి, ఆ జంటను తర్వాత కెమెరాకు తగిలించాలి. లెన్సును బల్ల మీద ముందు మూతతో బోర్లించి, అడాప్టర్‌ను మర మీద ఆనించి, ముందు వెనక్కి, అంటే విప్పే దిశలో మెల్లగా తిప్పండి. చుట్టు చివర అందుకున్నచోట చిన్నగా టక్కుమని దిగుతుంది. అక్కడి నుంచి ముందుకు తిప్పితే మర అడ్డంగా పట్టదు. వేళ్లకు నిండుగా ఆనిందనిపించగానే ఆపేయండి, మణికట్టు బలం వద్దు. ఆ తర్వాత కెమెరాను ఆఫ్ చేసి, నోరు కిందికి ఉండేటట్టు పట్టుకొని తగిలించండి. తీసేటప్పుడు కూడా అడాప్టర్‌తో సహా తీయడమే పద్ధతి. లెన్సు అడాప్టర్‌లో బిగుసుకుపోతే పాత సైకిల్ ట్యూబు ముక్క చుట్టి తిప్పితే వదులుతుంది.

బిగించాక లెన్సు మీది గుర్తు పైకి రాకుండా పక్కకు తిరిగి ఉండవచ్చు. చాలా అడాప్టర్ల పక్కన మూడు అతి చిన్న మరమేకులు ఉంటాయి. అలెన్ కీతో వాటిని వదులు చేసి, లోపలి రింగును సరైన వైపుకు తిప్పి, మళ్లీ బిగించుకోవచ్చు.

కెమెరాకు చెప్పవలసినవి

మధ్యలో విద్యుత్ స్పర్శ లేదు కనుక, కెమెరా తనకు లెన్సే లేదనుకుంటుంది. సోనీ మెనూలో ‘రిలీజ్ వితౌట్ లెన్స్’, ఫుజిలో ‘షూట్ వితౌట్ లెన్స్’ అన్న అంశాన్ని ఆన్ చేయనిదే షట్టర్ పడదు. కొన్ని కెనాన్‌లలో కూడా ఇటువంటి అంశమే ఉంది. నికాన్ జెడ్‌లో ‘నాన్ సీపీయూ లెన్స్ డేటా’లో ఫోకల్ లెంగ్త్, గరిష్ఠ ఎపర్చర్ నమోదు చేసుకోవాలి. కెమెరా లోపల వణుకు నివారణ ఉంటే దానికీ ఫోకల్ లెంగ్త్ చేత్తో ఇవ్వండి, లెన్సు మార్చినప్పుడల్లా ఆ అంకె మార్చండి. 58 లెన్సు పెట్టి 135 అంకె వదిలేస్తే సెన్సార్ అవసరానికి మించి కదిలి, ఉన్న వణుకును పెంచుతుంది. మోడ్‌ను ఎపర్చర్ ప్రయారిటీలో పెడితే షట్టర్ వేగాన్ని కెమెరాయే చూసుకుంటుంది. నికాన్ డీ3000, డీ5000 వరుస డీఎస్‌ఎల్‌ఆర్‌లలో మాత్రం ఇటువంటి లెన్సుతో వెలుతురు కొలిచే మీటరు పనిచేయదు. మాన్యువల్‌లో తీసి, హిస్టోగ్రామ్ (బొమ్మలో వెలుగు నీడల పాళ్లు చూపే పటం) చూసుకొని సరిదిద్దుకోవలసిందే.

ఇన్ఫినిటీ పరీక్ష

లెన్సు మీది ఇన్ఫినిటీ గుర్తును నమ్మకండి. కళింగపట్నంలో దీపస్తంభం కనిపించేటంత దూరంలో ఇసుక మీద ట్రైపాడ్ పెట్టండి, లేదా ఇంటి డాబా మీద నుంచి చంద్రుణ్ణి చూపండి. ఎపర్చర్ పూర్తిగా తెరిచి, తెరను పెద్దది చేసి, రింగును చివరిదాకా తిప్పండి. చివరికి కాస్త ముందే బొమ్మ పదునెక్కి, చివర మళ్లీ మసకబారితే అడాప్టర్ వెంట్రుక వాసి పలుచన అన్నమాట, అదే కావలసింది. చివరిదాకా తిప్పినా పదును రాకపోతే అడాప్టర్ మందం ఎక్కువ. ఇక్కడ వైడ్ లెన్సులు ఏమాత్రం క్షమించవు: పై లెక్కే వేసి చూస్తే, 0.1 మి.మీ. ఎక్కువైనా 28 మి.మీ. లెన్సు 8 మీటర్లు దాటి ఫోకస్ కాదు, 58 లెన్సు 33 మీటర్ల దాకా లాక్కొస్తుంది. గరుకు కాగితంతో అరగదీయమని సలహా ఇచ్చేవారు ఉంటారు. చేత్తో అరగదీస్తే అన్నివైపులా సమంగా అరగదు, బొమ్మలో ఒక పక్క మసక మిగులుతుంది. వెనక్కి పంపి మరొకటి తెప్పించుకోండి.

తీయడం

పూర్తిగా తెరిచి ఫోకస్ చేయండి, ఆ తర్వాత కావలసిన ఎపర్చర్‌కు మూసి తీయండి. హీలియోస్ 44-2లో ఇందుకోసమే రెండు రింగులు ఉన్నాయి: ఒకదానితో అంకె ముందుగా నిర్ణయించుకుంటారు, రెండోది తెరిచిన స్థితికీ ఆ అంకెకూ మధ్య తిరుగుతుంది, కంటిని తెర నుంచి తీయకుండానే వేలితో మూయవచ్చు. రంగు గీతలతో ఫోకస్‌ను చూపే పీకింగ్ తొందరలో బాగానే ఉంటుంది గాని, ఎఫ్/2 దగ్గర అది కనురెప్పకూ చెవికీ ఒకేలా రంగు పూస్తుంది; మనిషి ముఖం తీసేటప్పుడు తెరను పెద్దది చేసి కంటినే చూడండి.

హీలియోస్ అంటే గ్రీకుల సూర్యుడు, అరసవల్లి ఉన్న జిల్లాలో ఈ లెన్సు మీద మక్కువ కలగడంలో వింత లేదు. కానీ సూర్యుణ్ణి ఎదురుగా పెడితే పాత పూతల వల్ల బొమ్మ వెలిసిపోతుంది. చెయ్యి అడ్డం పెట్టండి, లేదా 49 మి.మీ. హుడ్ తగిలించండి. ఈ లెన్సుకు పేరు తెచ్చిన సుడి తిరిగే నేపథ్యం కావాలంటే ఉద్దానం వెళ్లండి: జీడిమామిడి ఆకుల సందుల్లోంచి వెలుతురు చుక్కలు చుక్కలుగా పడుతున్నచోట, మనిషిని చెట్లకు అయిదారు మీటర్ల ముందు నిలబెట్టి, ఎఫ్/2లో రెండు మీటర్ల దూరం నుంచి తీస్తే ఆకులు ముఖం చుట్టూ గిర్రున తిరుగుతాయి. ఎఫ్/4కు మూస్తే ఆ సుడి దాదాపు మాయమవుతుంది.

దసరా తర్వాతి మంగళవారం విజయనగరం సిరిమానోత్సవంలో జనం మధ్య రింగు తిప్పుతూ కూర్చునే వ్యవధి ఉండదు. 35 మి.మీ. లెన్సును ఎఫ్/8లో పెట్టి, ఏపీఎస్-సీ కెమెరా అయితే ఫోకస్‌ను 8 మీటర్ల దగ్గర వదిలేయండి. 4 మీటర్ల నుంచి ఆపైన అంతా సరిపడా స్పష్టంగా ఉంటుంది. లెన్సు మీద చెక్కిన లోతు గుర్తులు (ఎక్కడి నుంచి ఎక్కడిదాకా స్పష్టంగా వస్తుందో చూపేవి) పూర్తి ఫ్రేమ్ ఫిల్మ్‌కు వేసినవి కనుక ఏపీఎస్-సీలో ఎఫ్/8కు ఎఫ్/5.6 గుర్తులు చూసుకోవాలి. తేలినీలాపురంలో గూళ్ల మీద కూర్చున్న ఎర్రకాళ్ల కొంగలకు 135 లెన్సు చాలు. ఎగిరేవాటి వెంట చేత్తో ఫోకస్ పట్టడం నావల్ల కాలేదు.

మొదట చెప్పిన 39 మి.మీ. లైకా మర లెన్సు ఉంటే దాన్ని పొరపాటు అడాప్టర్‌తోనే ఒకసారి వాడి చూడండి. రింగు తొడిగి ఎం42 అడాప్టర్‌లో పెడితే అది 16.66 మి.మీ. ముందుకు జరుగుతుంది, 50 మి.మీ. లెన్సుకు అది దాదాపు మూడో వంతు పరిమాణపు మాక్రో (అతి దగ్గరి బొమ్మ). పొందూరు ఖద్దరు పంచె అంచును కిటికీ పక్కన పరిచి అలా తీశాను: ఏపీఎస్-సీ ఫ్రేమ్‌లో 7 సెంటీమీటర్ల గుడ్డ నిండుగా వచ్చింది, చేత్తో వడికిన పోగు ఒకచోట లావై మరోచోట సన్నమై సాగడం, పోగుల మధ్య పిండి రేణువులు అంటుకుని ఉండటం కనిపించాయి.

దాచడం

పాత తోలు సంచి ఎంత అందంగా ఉన్నా అందులో లెన్సు దాచకండి, ఫంగస్‌కు తోలు పుట్టిల్లు. బియ్యం డబ్బాలో పెట్టడం ఇంకా తప్పు, తవుడు ధూళి రింగుల సందుల్లోకి దూరుతుంది. గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ వేసి, చిన్న తేమ మీటరు పెట్టి, 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. జెల్ రంగు మారినప్పుడు వేడి చేసి తిరిగి వాడవచ్చు. అడాప్టర్‌ను లెన్సుకే ఉంచి, దాని వెనక మూత కూడా బిగించి దాచితే మర మీద దుమ్ము చేరదు, మరోసారి తగిలించడమూ తేలిక. రెండు మూడు లెన్సులు ఉన్నవారు ఒక్కొక్కదానికి విడి అడాప్టర్ కొనుక్కోవడం దుబారా కాదు.